కోతకు ముందు కొలత

మా ఇంట్లో ఒక అంబాసిడర్ ఉంది. 1972లో తయారైన మార్క్ టూ. కొత్త కారు కొనే స్థోమత మాకెప్పుడూ లేదు. ఒక ఆఫీసువాళ్లు పనికిరాదని వేలం వేస్తే మా నాన్న తెచ్చి, ఏడాదిపాటు విప్పి, కడిగి, బిగించి నిలబెట్టిన బండి అది. నాన్న పోయాక అది మా అన్నదమ్ముల చేతికొచ్చింది. మేం నాన్నలా మిస్త్రీలం కాదు. మాలో ఒకరిది పత్రికలో రాత పని, ఒకరిది బడిపంతులు పని. మాకు చక్రం తిప్పడం వచ్చుగానీ చక్రం సంగతి తెలీదు.

టైర్లు పగిలిపోయాయి. దాని అసలు సైజు 5.90-15. అంటే టైరు వెడల్పు 5.9 అంగుళాలు, మన లెక్కలో 150 మిల్లీమీటర్లు. రిమ్ము 15 అంగుళాలు. దారాల పొరలు ఒకదానిమీద ఒకటి ఏటవాలుగా పేర్చిన పాతకాలపు క్రాస్‌ప్లై టైరు అది. మేం వెళ్లిన షాపుల్లో ఆ సైజు చెబితే నవ్వారు. ఒక షాపతను మాత్రం "ఇప్పుడెవరు వాడుతున్నార్సార్ అవి, అల్లాయ్ చక్రాలు వేస్తాను, బండి పెళ్లికొడుకులా ఉంటది" అన్నాడు. వేశాడు. 195/65 రేడియల్ టైర్లు, తళతళలాడే రిమ్ములు. మేమూ మురిసిపోయాం.

ఇంటికొచ్చే దారిలోనే మొదలైంది చప్పుడు. వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే గర్రుమంటుంది. మలుపు తిరిగితే గర్రుమంటుంది. స్పీడ్‌బ్రేకర్ దాటితే రబ్బరు కాలిన వాసన. మళ్లీ అదే షాపుకు తీసుకెళ్లాం. అతను చుట్టూ తిరిగి చూసి, "మడ్‌గార్డ్ అడ్డమొస్తోంది, అంచు కోసేస్తే సరి" అని, మేం ఔననేలోపే గ్రైండర్ పెట్టాడు. ఎడమవైపు వెనక మడ్‌గార్డ్ నాలుగంగుళాలు తెగింది. యాభై ఏళ్లు వానలకూ ఎండలకూ నిలిచిన రేకు.

చప్పుడు మాత్రం పోలేదు.

అప్పుడు గుర్తొచ్చారు ఉస్తాద్. నాన్నతో కలిసి ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్న మనిషి. డెబ్బై దాటాయి, చూపు మందగించింది. బండి చుట్టూ తిరగలేదు. కోసిన అంచు మీద వేలు రాసి, కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే అన్నారు: "పైలే నాపో బేటా, బాద్ మే కాటో." ముందు కొలువు, తర్వాత కొయ్యి.

గేరువ తెప్పించి నీళ్లలో కలిపి టైరు పక్కలకు రెండువైపులా పూయించారు. వెనక సీట్లో మమ్మల్నే బరువుగా కూర్చోబెట్టి, సందులో ఎడమకూ కుడికీ పూర్తిగా తిప్పించి, ఒక గుంతలో దింపి ఎక్కించారు. దిగి చూస్తే బయటివైపు గేరువ చెక్కుచెదరలేదు. లోపలివైపు, కమాన్ పట్టీల పక్కన, అరచేయి మేర చెరిగిపోయింది. రాపిడి లోపల. కోత బయట.

ఇదెందుకిలా జరిగిందో తెలుసుకోవడానికి మాకు రెండు రోజులు పట్టింది. ఉస్తాద్ అడిగారు: "మీ అబ్బా కితాబ్ ఏది?" నాన్న బండి విప్పినప్పుడు ప్రతి కొలతా ఒక లెక్కల పుస్తకంలో రాసిపెట్టుకున్నాడు. ఉర్దూలో. అది అటక మీద ఉంది. ఇంట్లో దాన్ని చదవగలిగినవాళ్లం అన్నదమ్ములం ఇద్దరమే. పిల్లలకు ఆ లిపి రాదు. మేం నేర్పలేదు.

అందులో ఉంది: వెనక చక్రం, లోపల తేరా సూత్, బయట ఆఠ్ సూత్. సూత్ అంటే దారం. మిస్త్రీల లెక్కలో అంగుళంలో ఎనిమిదో వంతు, మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. అంటే పాత టైరుకూ కమాన్ పట్టీలకూ మధ్య 41 మిల్లీమీటర్ల ఖాళీ, టైరుకూ మడ్‌గార్డ్‌కూ మధ్య 25 మిల్లీమీటర్ల ఖాళీ.

ఇక లెక్క చూడండి. కొత్త టైరు పాతదానికంటే 45 మిల్లీమీటర్లు వెడల్పు. సగం లోపలికి, సగం బయటికి పోతుంది. ఒక్కోవైపు 22.5. అంతటితో అయిపోలేదు. రిమ్ము నడిమధ్య గీత నుంచి హబ్బుకు ఆనుకునే ముఖం ఎంత దూరంలో ఉందో దాన్ని ఆఫ్‌సెట్ అంటారు. మాకు తగిలించిన రిమ్ముల్లో అది పాతవాటికంటే 18 మిల్లీమీటర్లు ఎక్కువ. ఆఫ్‌సెట్ పెరిగితే చక్రం మొత్తం ఆ మేరకు లోపలికి జరుగుతుంది. కాబట్టి లోపలికి 40.5 మిల్లీమీటర్లు పెరిగింది. బయటికి పెరిగింది 4.5 మాత్రమే. లోపల మిగిలింది ఒక మిల్లీమీటరు కూడా లేదు. బయట ఇంకా 20 మిల్లీమీటర్ల చోటుంది. చోటున్న దగ్గర కోసి, చోటు లేని దగ్గర వదిలేశారు.

పైగా మడ్‌గార్డ్ అంచు లోపలికి మడిచి ఉండేది అందం కోసం కాదు. ఆ మడతే రేకుకు బలం. కోస్తే రేకు వణుకుతుంది, తెగిన చోట నీరు చేరి తుప్పు మొదలవుతుంది. నిజంగానే బయట తగిలే బండి అయితే ఆ మడతను వేడిచేసి, నిదానంగా లోపలికి ఒత్తేయాలి. కోయకూడదు.

ఉస్తాద్ చక్రం కంటే ముందు బండి నడుము చూశారు. యాభై ఏళ్ల కమాన్ పట్టీలు కుంగి ఉంటాయి. వాటికి మళ్లీ వంపు పెట్టించాలి. ముందువైపు అంబాసిడర్‌కు కమాన్లు ఉండవు, మెలితిరిగే టార్షన్ బార్లుంటాయి. అవి దిగజారితే బిగింపు మార్చి ఎత్తు సరిచేయాలి. దెబ్బ కాచే రబ్బరు దిమ్మలు పొడైపోయి ఉంటే కొత్తవి వేయాలి. ఇవేవీ చూడకుండా చక్రాన్ని తిట్టడం తప్పు.

ఆ తర్వాత మూడు దారులు చెప్పారు. మొదటిది, హబ్బుకూ రిమ్ముకూ మధ్య పది మిల్లీమీటర్ల స్పేసర్. లెక్క ప్రకారం రెండువైపులా దాదాపు 11 మిల్లీమీటర్లు మిగుల్తుంది. కానీ పాత స్టడ్లు చాలవు. స్టడ్ ఎంత లావో కనీసం అంత లోతున నట్టు పట్టాలి, లేకపోతే చక్రం ఊడి ముందు పరుగెత్తుతుంది. పొడుగు స్టడ్లు వేయాలి, స్పేసర్ హబ్బు మీద సరిగ్గా కూర్చోవాలి. వాషర్లు పేర్చి స్పేసర్ అనడం ప్రాణాలతో ఆట. రెండోది, కొత్త రిమ్ములే ఉంచి 175 టైర్లు వేయడం. అప్పుడూ లోపల ఇంచుమించు అంతే మిగుల్తుంది. మూడోది, పాత ఇనుప రిమ్ములే బెండు తీయించి, వాటికి ట్యూబులతో 165 రేడియల్ వేయడం. అప్పుడు లోపల పది సూత్‌లు, బయట ఐదు సూత్‌లు మిగుల్తాయి. బండి ఊగినా భయం లేదు. మేం మూడోదే ఎంచుకున్నాం. కోసిన రేకుకు అతుకు వేయించాం. దగ్గరికెళ్లి చూస్తే ఆ గీత కనిపిస్తుంది. కనిపించనీ.

ఇంతవరకు ఒక బండి గోల. ఇది మీకెందుకు చెబుతున్నామంటే, ఈ కొలత తెలిసిన చేతుల చరిత్ర ఎక్కడా రాసి లేదు.

హైదరాబాద్ మోటారు చరిత్ర అనగానే చౌమహల్లా ప్యాలెస్‌లో నిలబెట్టిన 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ చూపిస్తారు. నిజాం వైభవం అంటారు. దాని బోల్టులు విప్పి బిగించిన వాళ్ల పేర్లు అడిగితే ఎవరూ చెప్పరు. 1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. ఆ 27 అందరికీ గుర్తు. బస్సు నంబరులోని జడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని కథ కూడా చెప్పుకుంటారు. ఆ 166 మంది ఎవరు? వాళ్లలో పానా పట్టిన వాళ్లెవరు? తల్లి పేరులో ఒక అక్షరం మిగిలింది, మిస్త్రీ పేరు మిగల్లేదు.

1948 సెప్టెంబరు పోలీస్ యాక్షన్ తర్వాత సైన్యంలో, దఫ్తర్లలో ఉద్యోగాలు పోయిన ముస్లింలు ఎందరో. దఫ్తరు భాష మారింది. ఉర్దూలో అర్జీ రాయగల చేతికి అర్జీతో పని లేకుండా పోయింది. అట్లా రోడ్డున పడ్డవాళ్లలో కొందరు రిక్షా పట్టారు, కొందరు స్టీరింగ్ పట్టారు, కొందరు పానా పట్టారు. మా తాత మూడోవాడు. మమ్మల్ని నవాబుల వారసులని వెక్కిరించేవాళ్లకు మేం చూపించగలిగిన వారసత్వం గ్రీజు పట్టిన ఈ ఒక్క లెక్కల పుస్తకమే.

షెడ్డు భాష సంగతి చూడండి. కమాన్ అంటే ఫార్సీలో విల్లు. తెలుగు మిస్త్రీ ఎవరైనా సరే దాన్ని కమాన్ పట్టీ అనే అంటాడు. అదనపు చక్రాన్ని మనమంతా స్టెప్నీ అంటాం. అది వేల్స్ దేశంలో లనెత్లీ అనే ఊళ్లో ఒక వీధి పేరు. 1904లో ఆ వీధిలో మొదలైన కంపెనీ అమ్మిన చక్రం మన నోళ్లలో అట్లా నిలిచిపోయింది. ఈ మాటలను ఎవరూ మీదే ఊరని అడగలేదు. పనికొచ్చాయి, ఉండిపోయాయి.

అంబాసిడర్ మాత్రం? పుట్టుక ఇంగ్లండులో. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. 1950ల చివర్లో ఉత్తరపారాలో అంబాసిడర్‌గా పేరు మార్చుకుని, 2014 మే దాకా తయారైంది. మంత్రులను మోసింది, పెళ్లికూతుళ్లను మోసింది. దాన్ని పరాయి బండి అన్నవాడు మాకు కనపడలేదు. అరవై ఏళ్లు కూడా పూర్తికాని ఆ బతుక్కు అది అచ్చమైన భారతీయురాలైపోయింది. శతాబ్దాలుగా ఈ మట్టిలో పుట్టి ఈ మట్టిలో కలుస్తున్న మమ్మల్ని మాత్రం ఇంకా అడుగుతూనే ఉన్నారు, అసలు మీదెక్కడ అని.

2021లో కేంద్ర ప్రభుత్వం పాత బండ్లకు ఒక నిబంధన తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, చాసీలో, బాడీలో, ఇంజనులో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికి వింటేజ్ హోదా, ప్రత్యేక నంబరు. మా బండికి యాభై నిండాయి. అతుకు పడిన మడ్‌గార్డ్‌తో ఆ కాగితం దొరుకుతుందో లేదో అడిగి చూడాలి. దొరక్కపోయినా బండి మాదే.

మాకు దక్కిన పాఠం చిన్నది. కొత్త చక్రం వద్దని మేం అనడం లేదు. రేడియల్ టైరు మంచిదే, మేమూ వేసుకున్నాం. పాత ఒంటికి కొత్తది తగిలించేటప్పుడు ఎక్కడ ఒరుస్తోందో కూర్చుని చూడండి అంటున్నాం. చప్పుడు రాగానే కనిపించిన అంచును కోసేవాళ్లు షాపుల్లోనే కాదు, అన్నిచోట్లా ఉన్నారు. సర్దుకోమని మాకు చెప్పేవాళ్లు ఎప్పుడూ మా అంచు వైపే చూస్తారు. గేరువ పూసి చూసినవాడు ఒక్కడూ లేడు.

ఇప్పుడు ఆదివారాల్లో ఆ లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని పిల్లలకు అలిఫ్ బే నేర్పుతున్నాం. కొలతలను పక్క పేజీలో తెలుగులో రాయిస్తున్నాం. తేరా సూత్, పదమూడు సూత్‌లు. ఉస్తాద్ వచ్చి వింటారు. ఒక అంకె తప్పు చదివితే చెవి మెలిపెడతారు.