అప్పు పత్రం కథ: నిజాం రైలు నుంచి సౌదీ సుకూక్ దాకా

పోయినసారి కార్యక్రమం అయిపోయాక దమ్మాం నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "బాబూ, నువ్వు బ్యాంకుల్లో కంప్యూటర్ పని చేస్తావు కదా, ఒక్క మాట చెప్పు. నేల తవ్వితే చమురు వచ్చే ఈ దేశానికి అప్పు పత్రాలెందుకు? అమ్మితే కొనేదెవరు?" అని అడిగారు. అప్పటికి రెండు ముక్కలు చెప్పి తప్పించుకున్నాను. తర్వాత ఆలోచిస్తే ఆ ప్రశ్న నాకు అనిపించినంత చిన్నది కాదని తెలిసింది. ఈవేళ దాని గురించే మాట్లాడతాను.

మా తాతగారిది తెనాలి దగ్గర పల్లెటూరు. ఎవరికైనా డబ్బు కావలిస్తే ప్రోనోటు రాయించుకుని, రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టించుకుని, నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చేవారు. తీసుకునే మనిషి పొలం ఎక్కడుందో, ఎన్ని బస్తాలు పండుతుందో, కూతురి పెళ్లి ఎప్పుడో అన్నీ ఆయనకి తెలుసు. బాండు అంటే అదే ప్రోనోటండి. కాకపోతే దాన్ని వేల ముక్కలు చేసి, ముఖం తెలియని వాళ్లకి అమ్ముతారు. కొన్నవాడికి మధ్యలో డబ్బు అవసరమైతే గడువు దాకా ఆగకుండా ఇంకొకరికి అమ్ముకోవచ్చు. ముఖం తెలియని కంపెనీకి ముఖం తెలియని మనిషి పదేళ్లకి డబ్బు ఎందుకివ్వాలి? ఈ ప్రశ్నకి జవాబు దొరికిన చోట బాండ్ల మార్కెట్ పెరిగింది, దొరకని చోట జనం బ్యాంకులతోనే సరిపెట్టుకున్నారు.

కొన్నేళ్ల కిందట ఈద్ సెలవుల్లో మదాయిన్ సాలెహ్ చూడటానికి వెళ్లాం. అక్కడ రాతి సమాధులతో పాటు పాత హెజాజ్ రైల్వే స్టేషను కూడా ఉంది. డమాస్కస్ నుంచి మదీనా దాకా సుమారు 1,300 కిలోమీటర్లు. 1900లో మొదలుపెట్టి 1908కి మదీనా చేర్చారు. ఒట్టోమన్ సుల్తాను అబ్దుల్ హమీద్ దీనికోసం యూరప్ బజారులో బాండ్లు అమ్మలేదు. అప్పటికే ఆ సామ్రాజ్యం యూరప్ అప్పుల్లో మునిగి, 1881 నుంచి దాని పన్నుల్లో కొంత భాగాన్ని అప్పులవాళ్ల సంస్థే వసూలు చేసుకునేది. అందుకని పన్నులు వేశారు, ఉద్యోగుల జీతాల్లో కోత పెట్టారు, ప్రపంచంలోని ముస్లింలందరి దగ్గరా చందాలు అడిగారు.

మన హైదరాబాదు నుంచి కూడా చందాలు వెళ్లాయి. అక్కడ పోగుచేసిన వాళ్లలో ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఒకరు. ఈ పేరు చూడగానే నాకు ఇంకో రైలు గుర్తొచ్చింది. సికింద్రాబాదు నుంచి వాడి దాకా 1874లో లైను పడింది. దాన్ని చాందా వైపు, బెజవాడ వైపు పొడిగించడానికి 1883లో లండన్‌లో ఒక కంపెనీ పెట్టారు. పేరే నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. పెట్టుబడి పెట్టిన ఇంగ్లీషు వాళ్లకి రైలు లాభం తెచ్చినా తేకపోయినా ఏటా 5 శాతం రాబడికి నిజాం ప్రభుత్వం పూచీ పడింది. ఈ ఒప్పందం వివరాలు జనానికి చెప్పాలని హైదరాబాదులో ఆందోళన లేచింది. నడిపినవాళ్లలో సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ, ఈ ముల్లా అబ్దుల్ ఖయ్యూం ముఖ్యులు. అఘోరనాథ్‌ని రాజ్యం నుంచి బహిష్కరించారు. ఈనాటి భాషలో చెప్పాలంటే వాళ్లు అడిగింది ప్రాస్పెక్టస్, అంతే! రైలు 1889కి బెజవాడ చేరింది. 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి దాన్ని కొనేసింది.

ఒక రైలుకి భక్తి పూచీ, ఇంకొక రైలుకి రాజు ఖజానా పూచీ. రెండింట్లోనూ డబ్బు ఇచ్చినవాడు రైలు లెక్కలు చూసి ఇవ్వలేదు. అదే కాలంలో అమెరికాలో రైల్వే కంపెనీల బాండ్లు ఎంతగా పెరిగాయంటే, ఆ లెక్కలు చదివి చెప్పడమే ఒక వ్యాపారమైంది. పూర్ అనే ఆయన 1860లోనే రైల్వేల లెక్కలు పుస్తకంగా వేశారు. మూడీ 1909లో వాటికి అక్షరాలతో మార్కులు వేయడం మొదలుపెట్టారు.

ఇక సౌదీకి వద్దాం. ఇక్కడి కేంద్ర బ్యాంకు సామా 1952లో పుట్టింది. వడ్డీ ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు అని దాని చార్టర్‌లోనే రాసుకున్నారు. అప్పటికి ఇక్కడ కాగితం నోటే లేదు, వెండి రియాళ్లే. హజ్‌కి వచ్చేవాళ్లు నాణేల మూటలు మోయలేకపోతున్నారని 1953లో సామా యాత్రికుల రసీదులు అచ్చువేసింది. వాటి మీద ఉర్దూతో సహా చాలా భాషల్లో రాసి ఉండేది. వాటిని జనం నోట్లలాగే వాడుకున్నారు. నమ్మకం కుదిరితే కాగితానికి విలువ దానంతటదే వస్తుందన్నమాట.

తర్వాత చమురు డబ్బు వచ్చింది. బాండ్లు పెరగకపోవడానికి వడ్డీ నిషేధమే కారణమని చాలామంది అనుకుంటారు. నాకైతే అది సగం నిజమే అనిపిస్తుంది. 1974లో ప్రభుత్వం పారిశ్రామిక అభివృద్ధి నిధి పెట్టి కంపెనీలకి వడ్డీ లేని అప్పులు ఇచ్చింది. మిగతాది బ్యాంకులు ఇచ్చేవి. ఊరికే వచ్చే అప్పు ఉండగా లెక్కలు బయటపెట్టి బజారులో అడిగేదెవరండి? వడ్డీ మాటే అసలు అడ్డమైతే మలేషియాలో ఇస్లామీ బాండ్లు అంత పెరిగి ఉండకూడదు. 1990లో అక్కడి షెల్ కంపెనీ మొదటి సుకూక్ అమ్మింది. అక్కడ కొనడానికి ఎవరున్నారు? 1951 నుంచీ ఉన్న ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్ లాంటివి. నెల నెలా డబ్బు వస్తుంది, తిరిగి ఇవ్వాల్సింది ఎప్పుడో ముప్పై ఏళ్లకి. బాండుకి అంతకంటే మంచి గిరాకీ ఉండదు.

చమురు ధర 1986లో కూలిపోయాక సౌదీ ప్రభుత్వం 1988లో అభివృద్ధి బాండ్లు మొదలుపెట్టింది. 1999 నాటికి ఆ అప్పు దేశ స్థూల ఉత్పత్తిని దాటేసింది. అయినా మార్కెట్ పుట్టలేదు, ఎందుకంటే ఎక్కువ భాగం కొన్నది ప్రభుత్వ పింఛను సంస్థలూ బ్యాంకులే, కొన్నాక బీరువాలో పెట్టేసుకున్నారు. చేతులు మారని పత్రానికి ధర తెలియదు. ప్రభుత్వ పత్రం ధర తెలియనప్పుడు కంపెనీ పత్రానికి ఎంత ఎక్కువ అడగాలో కూడా తెలియదు.

ఆ మధ్యలోనే 1997లో తూర్పు ఆసియా సంక్షోభం వచ్చింది. బ్యాంకులు ఒక్కసారిగా చతికిలబడితే కంపెనీలకి ఇంకో దారి లేకపోయింది. బాండ్ల మార్కెట్ అంటే కారు డిక్కీలో ఉండే స్టెప్నీ లాంటిదని గ్రీన్‌స్పాన్ 1999లో అన్నది అందుకే. సౌదీకి ఆ బుద్ధి ఇంకో రకంగా వచ్చింది. 2003లో క్యాపిటల్ మార్కెట్ చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరిలో షేర్ల సూచీ 20,600 దాటి, ఏడాది చివరికి 8,000 కిందికి పడింది. ఇళ్లు అమ్మి షేర్లు కొన్నవాళ్ల కథలు ఇక్కడి ఆఫీసుల్లో ఇప్పటికీ వింటాం. అదే ఏడాది జూలైలో సాబిక్ 300 కోట్ల రియాళ్ల సుకూక్ అమ్మింది. మార్కెటింగ్ ఒప్పందాల మీద వచ్చే ఆదాయంలో వాటా ఇస్తాం అన్న పద్ధతిలో కట్టారు. వడ్డీ అనకుండా రాబడి అన్నారు. పేరు మార్చి అదే పని చేశారని వెక్కిరించేవాళ్లు ఉన్నారు, కానీ ఈ రాతకోతల వల్ల ఒక మేలు జరిగింది, ఏ ఆదాయం నుంచి డబ్బు వస్తుందో కాగితం మీద పెట్టాల్సి వచ్చింది.

2009 జూన్‌లో సుకూక్ కొనుగోళ్ల కోసం తదావుల్‌లో ప్రత్యేక మార్కెట్ తెరిచారు. సరిగ్గా అప్పుడే తూర్పు ప్రాంతంలోని రెండు పెద్ద కుటుంబ వ్యాపారాలు, సాద్, అల్‌గొసైబీ, అప్పులు కట్టలేక చేతులెత్తేశాయి. కుటుంబం పేరు చూసి అప్పు ఇవ్వడం మన ఊళ్లో లాగే ఇక్కడా అలవాటు. కోర్టుల్లో ఏళ్లు గడిచాయి. ఆధునిక దివాలా చట్టం వచ్చింది 2018లో. మన దేశంలో కూడా అంతే లెండి, 2016 దాకా అలాంటిది లేదు.

2014 చివరికి సౌదీ అప్పు స్థూల ఉత్పత్తిలో 1.6 శాతమే. దమ్మాం పెద్దాయన అనుకున్న సౌదీ అదే. మరుసటి ఏడాదికల్లా చమురు ధర మళ్లీ పడింది. 2016 నేను మరచిపోలేను. వచ్చి ఏడాది కాలేదు. కాంట్రాక్టర్లకి ప్రభుత్వ బిల్లులు ఆగిపోయి, వాళ్ల దగ్గర పనిచేసే వేలమంది మనవాళ్లకి జీతాలు ఆగిపోయాయి. ఆగస్టులో కేంద్రమంత్రి వి.కె.సింగ్ జెద్దా వచ్చారు. మేం కొందరం బియ్యం, పప్పు, నూనె కారులో వేసుకుని ఒక క్యాంపుకి వెళ్లాం. జగిత్యాల వైపు మనిషి ఒకాయన సంచి అందుకుంటూ, "సర్కారు పైసలిస్తే కంపెనీ ఇస్తదంట సార్. సర్కారు కాడనే పైసల్లేవంటే ఎట్ల నమ్మాలె?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ అక్టోబరులో సౌదీ మొదటిసారి విదేశీ బజారులో 1,750 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మింది. 6,700 కోట్ల డాలర్లకి అడిగారు. నవంబరులో, కాంట్రాక్టర్ల బకాయిలు ఏడాది చివరికల్లా తీరుస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఈ డబ్బే ఆ క్యాంపుకి చేరిందని నేను అనలేను. బ్యాంకుల్లో డబ్బు బిగుసుకుపోయినప్పుడు ఇంకో దారి లేకపోతే ఆఖరి దెబ్బ ఎవరికి తగులుతుందో మాత్రం ఆ ఏడాది చూశాను.

ఆ తర్వాత చకచకా జరిగింది. 2017లో ప్రభుత్వం నెల నెలా రియాళ్ల సుకూక్ మొదలుపెట్టింది. అదే ఏడాది ఆరామ్‌కో 1,125 కోట్ల రియాళ్ల సుకూక్ అమ్మింది. 2018లో ప్రభుత్వ పత్రాలు తదావుల్‌లో చేరాయి. 2019లో ఒక్కో పత్రం విలువ పది లక్షల రియాళ్ల నుంచి వెయ్యికి తగ్గించారు.

ఇంకా ఒక లోటుంది. 2022 జనాభా లెక్కల్లో 3.22 కోట్ల మందిలో 1.34 కోట్ల మంది మనలాంటి విదేశీయులు. మనకి ఇక్కడ పింఛను లేదు. ఉద్యోగం మానేటప్పుడు వచ్చే సర్వీసు డబ్బు యజమాని లెక్కల్లోనే ఉంటుంది. మిగిల్చింది ప్రతి నెలా ఇంటికి పంపేస్తాం, అది ప్లాటో బంగారమో అవుతుంది. మలేషియాలో బాండ్లు కొన్న ఆ నెలవారీ పొదుపు ఇక్కడ దేశం దాటిపోతోంది. దాని రుచి మన దేశానికి తెలుసు. పోఖ్రాన్ తర్వాత 1998లో స్టేట్ బ్యాంకు రిసర్జెంట్ ఇండియా బాండ్లతో ప్రవాసుల దగ్గర 420 కోట్ల డాలర్లు తెచ్చుకుంది.

2024 ఫిబ్రవరిలో సౌదీ ప్రభుత్వం 'సహ్' అనే పొదుపు సుకూక్ తెచ్చింది. వెయ్యి రియాళ్లుంటే చాలు, మొదటి విడత రాబడి 5.64 శాతం. సౌదీ పౌరులకి మాత్రమే.

నిన్న దమ్మాం పెద్దాయనకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, "అయితే మనకి లేదన్నమాట" అన్నారు. తర్వాత, "సరేగానీ, శుక్రవారం మా రూములో చీటీ పాట ఉంది, ఒకరు తగ్గారు. నీ పేరు రాయమంటావా?" అని అడిగారు.