సత్యభామ జడ

కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ప్రవేశానికి ముందు తెరపై వేలాడే జడ ఎదుటివారికి సవాలు. తరతరాలుగా ఆ సవాలు విసిరినవారు స్త్రీ వేషం ధరించిన పురుషులే. నాటకరంగంలో స్థానం నరసింహారావు చీరకట్టు, నడక భామకు ప్రమాణమయ్యాయి.

1957లో ‘వినాయక చవితి’, 1966లో ‘శ్రీకృష్ణ తులాభారం’ చిత్రాల్లో ఆ పూలజడ, ఆ నగలు, ఆ ఓరచూపు జమునవయ్యాయి. పురుషుడు తీర్చిన అహంకారాన్ని ఆమె స్త్రీ స్వాభిమానంగా మలచారు. రెండింటిలోనూ కృష్ణుడు ఎన్.టి. రామారావు.

1989 ఎన్నికల్లో రామారావు నేతృత్వంలోని తెలుగుదేశం రాష్ట్రంలో అధికారం కోల్పోయింది. జమున కాంగ్రెస్ అభ్యర్థిగా రాజమండ్రి నుంచి లోక్‌సభకు గెలిచారు. నటీమణుల రాజకీయ ప్రవేశాన్ని అలంకారప్రాయమని తీసిపారేసేవారు ఒకటి గమనించాలి: ఆ అలంకారానికీ అధికారంతో తలపడిన చరిత్ర ఉంది.