నత్త పలికిన సాక్ష్యము

నౌక ఎంత పెద్దదైనను దాని అడుగుభాగమునకు నాచు, గుల్లజీవులు అంటుకొనక మానవు. అవి పెరిగినకొలది నౌక వేగము తగ్గును, ఇంధనవ్యయము హెచ్చును. ఈ బాధ తొలగించుకొనుటకై బ్రిటిష్ నౌకాదళము 1761లో ‘అలారం’ అను యుద్ధనౌక అడుగున రాగిరేకులు తాపించి చూచినది. ఇనుపనౌకలు వచ్చిన పిమ్మట ఆ ఉపాయము చెల్లలేదు. ఉప్పునీటిలో రాగి తగిలిన ఇనుము త్వరగా క్షయించును. అందుచేత విషము కలిపిన రంగులు వాడుకలోనికి వచ్చినవి.

1960 దశకములో ఆ రంగులలో ట్రైబ్యుటైల్ టిన్ అను పదార్థము ప్రవేశించినది. ఇత్తడి గిన్నెలకు కళాయి పూయు తగరమే దీనికి మూలము. లోహరూపమున సాధువైన తగరము ఈ కర్బన సంయోగమున ఘోరవిషమైనది.

1970లో ఇంగ్లండులోని ప్లిమత్ తీరమున బ్లేబర్ అను శాస్త్రజ్ఞుడు ఒక వింత గమనించినాడు. ఒడ్డు రాళ్లను అంటిపెట్టుకొని బ్రతుకు డాగ్ వెల్క్ అను చిన్న నత్తలలో, ఆడవాటికి మగ అవయవము మొలచుచున్నది! కారణము ఆనాడు తెలియలేదు. ఆ దశకముననే ఫ్రాన్సులోని ఆర్కషాన్ అఖాతమున పెంపకపు ఆల్చిప్పల గుల్లలు వికారముగా దళసరియైనవి, పిల్లలు నిలువలేదు. 1982లో ఫ్రాన్సు 25 మీటర్లలోపు పడవలకు ఈ రంగును నిషేధించినది.

1986లో ప్లిమత్ శాస్త్రజ్ఞులు బ్రయన్, గిబ్స్ మొదలగువారు నత్తల క్షీణతకును ఈ రంగే కారణమని నిరూపించినారు. లీటరు నీటిలో గ్రామునకు నూరుకోట్లవ వంతు తగరమున్నను నత్త దేహము మారనారంభించును. విషము మరి కొంత హెచ్చినచో అండమార్గము మూసికొనిపోయి, గ్రుడ్లు వెలికిరాక ఆడనత్త మరణించును. ఈ జాతి పిల్లలు నీటిలో తేలిపోవునవి కావు; పుట్టిన రాతిమీదనే ప్రాకును. కావున ఒకమారు నశించిన తీరమున మరల వెలయుటకు చిరకాలము పట్టును.

1987లో బ్రిటన్ కూడ చిన్న పడవలకు నిషేధము విధించినది. పెద్ద ఓడలమాట 2001 నాటి అంతర్జాతీయ ఒడంబడికకుగాని తేలలేదు; అది అమలులోనికి వచ్చినది 2008లో. పిమ్మట అనేక తీరములందు నత్తలు మరల కనుపించినవి. రేవుల అడుగు బురదలో మాత్రము పాత విషము ఇంకను మిగిలియున్నది.

నత్త సాక్ష్యము పలికినది 1970లో. తీర్పు అమలైనది 38 సంవత్సరములకు. నౌక యజమానికి ఆదా అయిన ఇంధనము లెక్కలో చేరినది; రాతిమీది ప్రాణికి కలిగిన నష్టము ఏ లెక్కలోను చేరలేదు. ఆ రెండవ లెక్క వ్రాయుట నేర్చుకొనుటకే అంతకాలము పట్టినది.