వెనుకచక్రమునకు స్ప్రింగు వచ్చిన కథ



మన పల్లెలలో బుల్లెట్టు అను మోటారుసైకిలు పేరెఱుగనివారు లేరు. బండి ఊరి పొలిమేరలో నుండగనే దాని చప్పుడు విని, వచ్చువా రెవరో చెప్పగల వృద్ధులు నాకు తెలియును. కాని దాని వెనుకచక్రమున కిరుప్రక్కల నిలిచియున్న రెండు గొట్టములు ఎట్టి వివాదమునుండి పుట్టినవో ఎఱిగినవారు తక్కువ. ఆ వివాదము ఇంగ్లండులోని బురదదారులలో జరిగినది.

ఆ దేశమున మోటారుసైకిళ్లకు ట్రయల్సు అను నొక పరీక్ష కలదు. ఇది వేగపు పందెము కాదు. ఏటిలోని గుండ్రాళ్లమీదను, జాఱుడు మెట్టలమీదను, చెట్లవేళ్లనడుమను బండిని మనిషి నడకవలె మెల్లగా నడుపవలెను. కాలు నేల మోపిన తప్పు; బండి నిలిచిపోయిన మఱింత పెద్ద తప్పు. తప్పులు తక్కువ చేసినవాడు గెలుచును. స్కాట్లండు కొండలలో ఆరుదినములు సాగు పరీక్ష వీనిలో మిక్కిలి ప్రసిద్ధము. అది మొదటి ప్రపంచయుద్ధమునకు ముందే ఆరంభమైనది.

ఆ కాలపు బండ్లకు ముందుచక్రమువద్ద మాత్రమే స్ప్రింగుండెడిది. వెనుకచక్రము మన యెద్దుబండి చక్రమువలె చట్రమునకు బిగింపబడి యుండెడిది. కుదుపును మ్రింగుటకు టైరులోని గాలియు, కూర్చుండు పీటక్రింది స్ప్రింగులును, నడుపువాని మోకాళ్లును తప్ప వేఱు దిక్కు లేదు. ముందుచక్రమున కైన మేలు త్వరగానే జరిగినది. 1935వ సంవత్సరమున జర్మనీలోని బీఎండబ్ల్యూవారు ఒక గొట్టములో నింకొక గొట్టము జాఱునట్లు చేసి, లోపల స్ప్రింగును, నూనెను ఉంచిరి. రెండవ యుద్ధకాలమున 1941లో ఇంగ్లండున మ్యాచ్‌లెస్సువారు సైన్యపు బండ్లకు అట్టిదానినే అమర్చిరి. యుద్ధానంతరము అది సర్వసామాన్యమైనది.

వెనుకచక్రముమాట వచ్చునప్పటికి ట్రయల్సువారు ఒప్పుకొనలేదు. వారిని మూర్ఖులని త్రోసివేయరాదు. వారి వాదమున బలము కలదు. బిగించిన చక్రమైనచో నేలయొక్క పట్టు నడుపువాని పాదములకు సూటిగా తెలియును. బండి తేలిక. గొలుసు బిగువు మాఱదు. అన్నిటికంటె ముఖ్యము, స్ప్రింగు అనునది తాను పుచ్చుకొన్న దెబ్బను దాచుకొని మరల తిరిగి యిచ్చును. ఱాతికి తగిలి నొక్కుకొనిన స్ప్రింగు మఱుక్షణమున చక్రమును ఎగదన్నును. ఎగిరిన చక్రము గాలిలో తిరుగునేకాని బండిని ముందుకు నడుపదు. అప్పటి స్ప్రింగులలో పెక్కింటికి ఈ దోషముండెను.

దోషము స్ప్రింగుది కాదు, దానిని అణచు సాధనము లేకపోవుట. పిల్లలు వసంతమాడు పిచికారీని తలచుకొనుడు. కఱ్ఱను మెల్లగా నెట్టిన నీరు సులభముగా వచ్చును. ఒక్కమాఱుగా నెట్టిన చిన్న రంధ్రమువద్ద నీరు అడ్డుపడి చేతికి బరువు తోచును. షాకబ్సార్బరులో నూనె చేయునది ఇదియే. స్ప్రింగు బరువును మోయును. నూనె దాని దుడుకుతనమును తగ్గించును. మన జట్కాబండి కమానులోకూడ ఒకదానిపై నొకటి పేర్చిన యినుపబద్దలు ఒరసికొనుటచే కొంత అణకువ కలుగుచున్నది. ఆ సంగతి జట్కావాడు చెప్పడుకాని, బద్దలనడుమ ఎంత కందెన వేయవలెనో వాని కెఱుకయే.

రెడ్డిచ్ పట్టణమందలి రాయల్ ఎన్‌ఫీల్డువారు ఈ రహస్యమును నమ్మిరి. వెనుకచక్రమును ఒక చీలికబాహువునకు తగిలించి, ఆ బాహువు మొదట ఇరుసుపై ఊగునట్లు చేసి, నూనెతో నిండిన రెండు షాకబ్సార్బరులను నిలిపిరి. ఆ బండియే బుల్లెట్టు. 1948 ఫిబ్రవరిలో కోల్మోరు కప్పు ట్రయలులో దానిని తొలుత బరిలో దింపిరి. చూచినవారు నొసలు ముడిచిరి. ఆ యేడే ఇటలీలోని శాన్‌రేమోవద్ద జరిగిన అంతర్జాతీయ ఆరుదినముల పరీక్షలో చార్లీ రోజర్సు, విక్ బ్రిటెను అను నిరువురు బుల్లెట్టులపై స్వర్ణపతకములు పొందిరి. వారి బ్రిటిషు జట్టు ట్రోఫీని గెలిచినది. నాలుగేండ్ల తరువాత, 1952లో, విక్ కుమారుడు జానీ బ్రిటెను ఇరువదేండ్లు దాటీ దాటని ప్రాయమున బుల్లెట్టుపైననే స్కాట్లండు పరీక్షలో ప్రథముడయ్యెను. 1957లో మరల గెలిచెను. అయినను కొన్ని కర్మాగారములు 1950 దశకము నడిమివఱకును బిగింపుచక్రపు ట్రయల్సు బండ్లను చేయుచునే యుండెను. అలవాటు అంత త్వరగా చావదు!

1955లో రాయల్ ఎన్‌ఫీల్డువారును మద్రాసు మోటార్సువారును కలిసి మద్రాసున ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థను స్థాపించిరి. తిరువొట్టియూరు కర్మాగారమునుండి బుల్లెట్టు మన పొలముగట్లకు వచ్చినది. స్కాట్లండు ఱాళ్లు నేర్పిన పాఠము గోదావరిగట్టుపై నడచుట నాకు నేటికిని వింతగనే యుండును.

ఇక నేటి సంగతి. పాత ట్రయల్సు బండ్లను బాగుచేసికొని పందెములాడు పెద్దలు విదేశములలో పెక్కుమంది కలరు. స్కాట్లండులోని కిన్‌లాఖ్‌లెవెన్ గ్రామమున 1965కు పూర్వపు బండ్లకు ప్రత్యేకముగా ఒక పరీక్ష జరుగును. అచ్చట ఒక తగవు కలదు. కొందఱు పైకి పాతగొట్టములే కనబడునట్లుంచి, లోపల నేటి పరికరములను దాచుదురు. దేవాలయ జీర్ణోద్ధరణమున శిథిలమైన ఱాయిని మార్చుట వేఱు. గర్భగుడిని పడగొట్టి పాతగోపురమును నిలుపుట వేఱు. రెండవదానిని నేను జీర్ణోద్ధరణమనను. నూనె మార్చుట, అలసిన స్ప్రింగును తీసి సరియైనది వేయుట, అరిగిన బుష్షులను మార్చుట న్యాయమే. బండి పుట్టినప్పటి శక్తి దానికి తిరిగి వచ్చును. అంతకు మించినచో పక్కన నిజమైన పాతబండితో దిగినవానికి అన్యాయము.

పని చేయువారు తొందరపడి మొదట స్ప్రింగులు కొందురు. ముందు చూడవలసినది ఊగుబాహువు ఇరుసును. బండిని స్టాండుపై నిలిపి చక్రమును పక్కకు కదల్చినప్పుడు అచ్చట వదులున్నచో ఎంత మంచి స్ప్రింగైనను వ్యర్థము. పిదప ముందుగొట్టములు వంగినవో లేవో చూడవలెను. ఆపైన నడుపువాడు బండిపై నిలుచుండగా, చక్రము మొత్తము కదలికలో సుమారు మూడవవంతు క్రుంగవలెను. ఏమాత్రము క్రుంగనిచో స్ప్రింగు బిఱుసు. అది బస్తాలు మోయుటకు తగునుకాని గుండ్రాళ్లకు తగదు. చక్రము తిరిగివచ్చునప్పుడు ఎగదన్నుచున్నచో నూనె చిక్కన చేయవలెను. బద్ధకముగా వచ్చుచు రెండవ ఱాతికి సిద్ధపడనిచో పలుచన చేయవలెను. మఱియొకటి, పొడవైన షాకబ్సార్బరులు వేసి వెనుకభాగమును ఎత్తినచో ముందుగొట్టముల వాలు నిటారై, హ్యాండిలు తత్తఱపడును. ఎత్తు మార్చునప్పుడు అరయంగుళము చొప్పున మార్చి, ప్రతిమాఱును అదే ఱాతిపై నడిపి చూడవలెను.