కహ్వా మన విరాసత్ కూడా

“మీ ఇళ్లలో చాయే కదా, కాఫీ ఎక్కడిది?” అని అడిగే దోస్తులకు నేను తారీఖ్‌తోనే జవాబిస్తాను.

15వ శతాబ్దంలో యెమెన్ సూఫీలు రాత్రి జిక్ర్‌లో నిద్ర రాకుండా కహ్వా తాగేవారు. అరబీలో అదే మాట అంతకుముందు మద్యానికీ ఉండేది. అందుకే ఉలమాలో కొందరికి దాని మీద శక్ కలిగింది. 1511లో మక్కా ముహ్తసిబ్ ఖైర్ బేగ్ కహ్వాను నిషేధించాడు. కైరో నుంచి వచ్చిన హుకుంతో ఆ పాబందీ సడలింది.

17వ శతాబ్దంలో బాబా బుడన్ హజ్ నుంచి తిరిగొస్తూ, యెమెన్‌లోని మోఖా రేవు నుంచి ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటారని రివాయత్. ఆ కొండలకు నేటికీ ఆయన పేరే.

అరబ్బులు గింజల్ని లేతగా వేయించి, యాలకులు వేసి, పాలు లేకుండా ఖజూర్‌తో తాగుతారు. మా ఇంట్లో ఫిల్టర్‌లో చుక్కచుక్కగా దిగిన డికాషన్‌లో వేడి పాలు కలుపుతాం. తరీఖా వేరైనా గింజ అక్కడిదే.

రంజాన్‌లో సహరీకి కాఫీ కలిపినప్పుడు మీ పిల్లలకు ఈ సంగతి చెప్పండి. ఇబాదత్ కోసం రాత్రుళ్లు మేల్కొన్న బుజుర్గుల అమానత్ అది.