సార్ ఇచ్చిన మాత్ర: యువ క్రీడాకారులు, డోపింగ్ దృక్పథం

2023 సెప్టెంబరు 26. ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు చివరి రోజు. పురుషుల 100 మీటర్ల ఫైనల్లో ఎనిమిది మంది పరుగెత్తాలి, వచ్చింది ఒక్కడే. జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ (నాడా) అధికారులు దిగారన్న కబురు పాకేసరికి మిగతావాళ్లకు ఉన్నట్టుండి కండరాలు పట్టేశాయి. జూనియర్ స్టీపుల్‌చేజ్‌లో ఒక అమ్మాయి గెలుపు గీత దాటాక కూడా ఆగలేదు. శాంపిల్ కోసం వచ్చిన అధికారి ఆమె వెంటపడాల్సి వచ్చింది. స్టేడియం మరుగుదొడ్డిలో సిరంజీలు పడి ఉన్న వీడియో అప్పటికే ఫోన్లలో తిరుగుతోంది.

వాళ్లందరికీ ఒక ప్రశ్నాపత్రం ఇచ్చి డోపింగ్ తప్పా ఒప్పా అని అడిగి ఉంటే, ఒప్పని ఎంతమంది రాసేవారు? డోపింగ్ పట్ల క్రీడాకారుల దృక్పథాన్ని కొలిచే పరిశోధకుల చిక్కంతా ఇక్కడే.

ఈ రంగంలో బాగా వాడుకలో ఉన్న కొలబద్ద ఆండ్రియా పెట్రోజీ రూపొందించిన 'పియాస్'. 17 వాక్యాలు, ఒక్కోదానికి ఆరు స్థాయుల జవాబు. మొత్తం 102కు దగ్గరపడేకొద్దీ డోపింగ్ పట్ల మెతకవైఖరి ఎక్కువని లెక్క. సులువైన సాధనమే. కానీ ఏ గడిలో టిక్కు పెడితే మంచివాడనిపించుకుంటాడో పదహారేళ్ల కుర్రాడికి ఒకరు చెప్పాలా?

ఐదేళ్లపాటు ప్రతి పోటీలో గెలిపించి ఆ తర్వాత ప్రాణం తీసే మందు ఇస్తే తీసుకుంటారా అని అమెరికా వైద్యుడు బాబ్ గోల్డ్‌మన్ 1980ల్లో క్రీడాకారులను అడిగినప్పుడు దాదాపు సగం మంది సరేనన్నారట. అదే ప్రశ్న మళ్లీ అడిగి 2013లో వెలువరించిన అధ్యయనంలో 212 మందిలో సరేనన్నది ఇద్దరే. క్రీడాలోకం అంతగా మారిపోయిందనుకుంటే తొందరపాటే. 2011 దేగు ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో ఎవరి జవాబు ఏదో తెలియని పద్ధతిలో అడిగితే, గత ఏడాది డోపింగ్ చేసినవారు 43.6 శాతమని అంచనా తేలింది. అక్కడి పరీక్షల్లో దొరికింది 0.5 శాతం. పెద్దవాళ్ల నోటి మాటే ఇంత అనుమానాస్పదమైతే, పిల్లల మాటను యథాతథంగా ఎలా లెక్కలోకి తీసుకుంటాం?

భారత్‌లో 2023లో 5,606 శాంపిళ్లు పరీక్షిస్తే 213 పాజిటివ్ వచ్చాయి. మైనర్ల మీద ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) 2024 జనవరిలో విడుదల చేసిన 'ఆపరేషన్ రెఫ్యూజ్' నివేదికలో పాజిటివ్‌లు ఎక్కువున్న దేశాలు రష్యా, భారత్, చైనా. దొరికినవారిలో పన్నెండేళ్ల పిల్లలూ ఉన్నారు. పన్నెండేళ్ల పిల్లకు దృక్పథమేమిటి? ఉన్నదల్లా కోచ్ సార్ మీద నమ్మకం.

ఆ నమ్మకానికి బతుకుతెరువు కూడా తోడవుతుంది. మన దేశంలో పతకమంటే స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం, పోలీసు కొలువు; దానికి వయోపరిమితి ఉంది. కూలి చేసుకునే ఇంటి నుంచి వచ్చిన పిల్లకు 'విటమిన్' పేరుతో కోచ్ ఇచ్చిన మాత్రను ప్రశ్నించే తీరిక గాని ధైర్యం గాని ఎక్కడివి? 2011లో స్టెరాయిడ్లతో పట్టుబడ్డ ఆరుగురు మహిళా రన్నర్లూ కోచ్ యూరి ఒగొరొద్నిక్ ఇచ్చిన జిన్సెంగే కారణమన్నారు. కోచ్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు. రన్నర్లకు ఇక్కడ పడిన ఏడాది నిషేధాన్ని 2012లో అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం రెండేళ్లకు పెంచింది.

కాబట్టి నిషేధిత మందుల జాబితా పిల్లలతో వల్లె వేయించే అవగాహన సదస్సులతో ఒరిగేది తక్కువ. ప్రశ్నాపత్రం ముందు కోచ్‌ల చేతికివ్వాలి. పదహారేళ్లలోపు క్రీడాకారులు పట్టుబడితే వారి చుట్టూ ఉన్నవారిపైనా తప్పనిసరిగా దర్యాప్తు జరపాలని 2021 నుంచి అమల్లో ఉన్న వాడా నియమావళే చెబుతోంది.