శెనక్కాయ చేను గట్టు మీద తెల్లపూల మొక్క

అనంతపురంలో ఏ రోడ్డు పట్టుకుని పోయినా, ఇల్లు కట్టకుండా వదిలేసిన ఏ ప్లాటు చూసినా ఈ తెల్లపూల మొక్కే. వయ్యారిభామ. దీని గురించి రాసేవాళ్లంతా దురద, ఉబ్బసం దగ్గరే ఆగిపోతారు. ఆ బాధ నిజమే, మా వీధుల్లోనూ ఉంది. కానీ మా జిల్లా చరిత్రలో ఈ మొక్క పేరిట అంతకన్నా పెద్ద బాకీ ఉంది. అది 2000 ఖరీఫ్ నాటిది.

ఆ ఏడు శెనక్కాయ చేలు లేతలోనే మాడిపోయాయి. ముందు కొన ఆకుల మీద ఎండు మచ్చలు, తర్వాత మొవ్వు, కాండం నల్లబడటం, ఆపైన మొక్కే చచ్చిపోవడం. మొదట మొవ్వుకుళ్లు అనుకున్నారు, అది మాకు తెలిసిన తెగులే. పరీక్షల్లో తేలింది వేరు. ఇది పొగాకు చారల వైరస్ తెచ్చిన కాండం కుళ్లు. జిల్లాలో దాదాపు 2,25,000 హెక్టార్లలో పంట దెబ్బతింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని లెక్కగట్టారు. వాననే నమ్ముకుని, అప్పు చేసి విత్తనం కొనే సీమలో ఆ అంకె ఎన్ని ఇళ్లను తాకి ఉంటుందో వేరే చెప్పాలా!

ఆ వైరస్‌కు ఆశ్రయమిచ్చిన వాటిలో ముఖ్యమైనది, గట్ల మీద, బాటల పక్కన పచ్చగా నవనవలాడుతున్న వయ్యారిభామ. దానికి జబ్బు లక్షణమేదీ కనిపించదు. వైరస్ దాని పుప్పొడిలో ఉంటుంది. పూలలో తిరిగే తామర పురుగులు ఆ పుప్పొడిని ఒంటికి అంటించుకుని చేలో వాలతాయి. లేత ఆకును గీకి రసం పీల్చేటప్పుడు, ఆ గాయంలోంచి వైరస్ శెనక్కాయలోకి దిగుతుంది.

ఇది మన నేల మొక్క కాదు, అమెరికా ఖండాలది. 1955లో పుణెలో కనిపించాకే దేశం దృష్టిలో పడింది. అమెరికా గోధుమలతో వచ్చిందన్న మాట ఇప్పటికీ జనం నోట ఉంది. అయితే 1814లోనే వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ కలకత్తా తోట మొక్కల జాబితాలో దీని పేరుంది. కాబట్టి తప్పంతా గోధుమ ఓడలదేనని నేననను.

పూశాక దీన్ని ఎవరైనా గుర్తుపడతారు. పూయకముందు గుర్తుపట్టడమే అవసరం. మొలిచిన కొత్తలో ఆకులు క్యారెట్ ఆకుల్లా లోతుగా చీలి, నేలకు అతుక్కుని గుండ్రంగా పరుచుకుంటాయి. తర్వాత గీతలు గీతలుగా, సన్నని నూగుతో కాడ లేచి, పైన కొమ్మలు వేస్తుంది. పువ్వు జొన్నగింజంత, తెలుపు, చుట్టూ అయిదు చిన్న మొనలు. పొడవాటి కాడకు ఒకే పువ్వు, మధ్యలో పసుపు ఉంటే అది గడ్డి చామంతి. వినాయక చవితికి తెచ్చే మాచిపత్రి ఆకూ కాస్త ఇలాగే ఉంటుంది, కానీ నలిపితే ఘుమఘుమలాడుతుంది.

తొలకరికి మొలిచి నెలా నెలన్నరలో పూతకొస్తుంది. ఒక్క మొక్కే వేలకు వేలు విత్తనాలు రాలుస్తుంది. పైపైన కోస్తే మొదట్లోంచి మళ్లీ చిగురిస్తుంది. అందుకే నేల తడిగా ఉండగానే, చేతికి తొడుగు వేసుకుని, వేరుతో సహా పీకాలి. శెనక్కాయ విత్తే ముందే గట్లు, బాట అంచులు, పంచాయతీ బంజరు అన్నీ ఊరు కలిసి శుభ్రం చేయాలి. చేను చుట్టూ కొన్ని వరుసలు జొన్నో సజ్జో ఒత్తుగా వేస్తే, పక్కనుంచి వచ్చే తామర పురుగులకు అడ్డుగా నిలుస్తుంది.